నేను లాగు అన్నది అందుకు కాదు

మా ఇంట్లో గోడకు పెళ్ళి ఫోటో ఉంది. అందులో మా ఆయన వేసుకున్న ప్యాంటు చూడండి. కింద రెండు జానల వెడల్పు, నడిస్తే నేల ఊడ్చేది. అప్పట్లో అదే ఫ్యాషన్. ఫోటో ఉంది, కోటు ఉంది, ప్యాంటు మాత్రం లేదు. ఏమైందని అడుగుతారా? నా నోటి వల్ల పోయింది. చర్చి మైదానంలో, మూడొందల మంది చూస్తుండగా.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. చదివింది నాలుగో తరగతి. ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పమంటే చెమటలు పట్టి పక్కావిడ వెనక దాక్కునేదాన్ని. అట్లాంటిదాన్ని జీవితంలో ఒక్కసారి పదిమందిలో అరిచాను. ఒకే ఒక్క మాట. అది ఎంత పని చేసిందో వినండి.

రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజులు. మా ఇల్లు మౌలాలి గుట్ట కింద. మా ఆయన రేపల్లె వైపు నుంచి వచ్చినవారు. నేను పుట్టింది, పెరిగింది కాప్రాలో. ఇద్దరిదీ తెలుగే అని పెద్దవాళ్ళు పెళ్ళి చేశారు. పెళ్ళయిన మూడో రోజు అన్నంలోకి ఏముందని అడిగితే, "తొక్కు ఉన్నది, ఏసుకోండి" అన్నాను. మాకు తొక్కు అంటే పచ్చడి. ఆయన కంచం పక్కకు జరిపి నా మొహం చూశారు.

"మేం కాయ తిని తొక్క పారేస్తాం. మీరు తొక్కే తింటారా?"

అప్పుడే అనుకోవాల్సింది, ఈ తెలుగు ఎప్పుడో కొంప ముంచుతుందని.

మా ఆయన గడ్డి నర్సరీలో ట్రాక్టరు డ్రైవరు. పెద్ద పెద్ద బంగళాల ముందు పరిచే పచ్చగడ్డి ఉంటుంది చూడండి, అది పెంచే నర్సరీ. మా తమ్ముడు సామెల్ కాప్రాలో ఒక ద్రాక్షతోటలో ట్రాక్టరు డ్రైవరు. రెండూ చిన్న బండ్లే, తీగల వరసల మధ్య దూరేటంత. ముందు నిలబడితే బానెట్టు నా నడుము దాకా వచ్చేది. బండి చిన్నదైతే డ్రైవరు రోషం కూడా చిన్నగా ఉండాలని ఏమీ లేదు కదా.

ఒకసారి నర్సరీలో ఒక చెట్టు మొద్దు పెకిలించాలని మా ఆయన తమ్ముడి బండి అడిగి తెచ్చుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పటికి వెనక గొలుసు తగిలించే పిన్ను వంగి ఉంది.

"బావా, నేను ఇచ్చేటప్పుడు పిన్ను సక్కగుండె," అన్నాడు సామెల్.

"మొద్దు గట్టిదిలే. వంగింది."

"మొద్దు గట్టిదే. గుంజేటోనికి తెల్వాలె గద."

"ఎవర్ని మొద్దు అన్నావు?"

"నిన్ను అనలే బావా, చెట్టును అన్న."

"చెట్టును చూసి అనలేదు. నన్ను చూసి అన్నావు."

అంతే. ఆ పూట మా ఆయన అక్కడ టీ తాగకుండా లేచి వచ్చేశారు. ఇక ఆ గడప తొక్కనన్నారు. బైబిల్లో ఒట్టు పెట్టకూడదని ఉంది కాబట్టి ఒట్టు పెట్టకుండానే మానేశారు. అటు సామెల్ కూడా మానేశాడు. ఏడాది దాటిపోయింది. ఆదివారం చర్చిలో ఒకరు కిటికీ పక్కన, ఒకరు గుమ్మం పక్కన కూర్చునేవారు. బయటికి వచ్చాక ఇద్దరి మధ్యా నేను.

"అక్కా, బావకు చెప్పు, పెదనాయనకు పానం బాలేదని."

"విన్నాను, వెళ్ళి చూస్తానని మీ తమ్ముడికి చెప్పు."

ఇద్దరి మధ్యా దూరం రెండు అడుగులు. నేను ఇటు తిరిగి చెప్పి, అటు తిరిగి చెప్పేదాన్ని. నవ్వొస్తుంది ఇప్పుడు. అప్పుడు రాలేదు. అమ్మా నాయన పోయాక నాకు పుట్టిల్లు అంటే సామెల్ ఇల్లే. వాడికి ఆడపిల్ల పుడితే నేనొక్కదాన్నే బస్సెక్కి పోయి చూసొచ్చాను. మేనత్తను, చేతిలో గౌను పెట్టుకొని, పక్కన ఆయన లేకుండా. వాడి భార్య సునంద నా చెయ్యి పట్టుకొని, "వదినా, వీళ్ళిద్దరిల ఎవరో ఒకరు ఓడిపోతే బాగుండు" అంది. ఎవరన్నది ఆమెకూ పట్టలేదు, నాకూ పట్టలేదు.

ఆ ఏడు కోత పండుగ వచ్చింది. మా చర్చిలో కోత పండుగంటే గుమ్మడికాయలు, కోళ్ళు, బియ్యం బస్తాలు తెచ్చి కానుక పెడతారు. వాటిని పాట పాడి అమ్ముతారు. తర్వాత ఆటలు. ప్రతి ఏడూ మగవాళ్ళు తాడు పట్టుకొని రెండు జట్లుగా గుంజుకునేవారు. ముందటి ఏడు ఆ తాడు పందెంలో ఇద్దరు పెద్దమనుషులకు నడుము పట్టేసింది. ఈసారి ఏం చేద్దామని చర్చి ముందర మాట్లాడుకుంటున్నారు. సామెల్ ఎటో చూస్తూ అన్నాడు:

"మనుషులెందుకు, రెండు ట్రాక్టర్లకు తాడు కట్టి గుంజిస్తే సరి. ఎవరు డ్రైవరో తెలుస్తది."

మా ఆయన ఇంకో వైపు చూస్తూ అన్నారు: "కట్టమనండి."

పాస్టరు గారు తెలివైన మనిషి. వెంటనే ఆ మాట పట్టుకున్నారు. "కడతాం. అయితే ఒక షరతు. ఓడినవాళ్ళు అదే రోజు గెలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళి అన్నం తినాలి."

ఇద్దరూ సరే అన్నారు. ఎవరికి వారు అవతలివాడే వస్తాడనే ధీమా. నేనూ సునందా ఒకరినొకరు చూసుకున్నాం. ఇంక ఇద్దరం కోళ్ళు కోయడమే తరువాయి.

అయితే మా చర్చిలో విక్టర్ సారని రిటైరైన సైన్సు మాస్టారు ఉండేవారు. ఆయన ఒప్పుకోలేదు. "ట్రాక్టర్లతో ఆటలా? నాకు చూపించకుండా తాడు ముట్టడానికి వీల్లేదు" అన్నారు. పండుగకు ముందు రోజు ఇద్దరినీ చర్చి వరండాలో కూర్చోబెట్టారు. టీ పోసేది నేను. సారు నా చేతిలోంచి ఒక స్టీలు గ్లాసు తీసుకొని సగం దాకా నీళ్ళు పోసి, అంచుకు దారం కట్టి బల్ల మీద పెట్టారు. దారం లాగారు. గ్లాసు బోర్లా పడి నీళ్ళన్నీ మా ఆయన ఒళ్ళో పడ్డాయి.

మళ్ళీ నీళ్ళు పోసి, ఈసారి దారం గ్లాసు అడుగున కట్టారు. లాగితే గ్లాసు బుద్ధిగా బల్ల మీద జారుకుంటూ వచ్చింది.

"తాడు ఎత్తులో కడితే ముందు చక్రాలు గుర్రంలా లేస్తాయి. బండి వెనక్కి తిరగబడుతుంది. గ్లాసు పడితే నీళ్ళు పోతాయి. ట్రాక్టరు పడితే డ్రైవరు పోతాడు. కిందనే కట్టాలి, ఇరుసు కంటే కింద. ముందు భాగాన ఇసుక మూటలు కట్టాలి. ఉన్న గేర్లలో అన్నిటికంటే చిన్న గేరు. జెర్కులు ఇవ్వకూడదు."

"నా బండి హార్స్ పవర్ ఎక్కువ సార్," అన్నాడు సామెల్.

"అయితే ఏం? ఇంజను ఎంత అరిచినా, టైరు నేలను పట్టకపోతే అక్కడే తిరుగుతుంది. పందెం ఇంజన్లది కాదురా, బరువుది, నేలది."

నాకు బాగా అర్థమైంది. నాలుగో తరగతి దాన్ని, గ్లాసు భాష నాకు తెలుసు. నోరు ఊరుకోక మెల్లగా అడిగాను. "మరి తాడు తెగితే, సార్?"

సారు నా వైపు తిరిగారు. "ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు. అడగాల్సిన ప్రశ్న అడిగింది ఈవిడ." తెగిన తాడు కొరడాలా వచ్చి కొడుతుందట. అందుకని తాడు మీద తడి గోనెసంచి వేయాలి, అది ఊపు తగ్గిస్తుంది. జనం తాడుకు ఎదురుగా కాదు, పక్కలకు, దూరంగా నిలబడాలి. ఇదంతా చెప్పి సారు నా చేతిలో ఒక ఎర్ర గుడ్డ పెట్టారు.

"అమ్మా, రేపు నువ్వు మీ ఆయన బండిని కనిపెట్టి చూడు. సునంద సామెల్ బండిని చూస్తుంది. ముందు చక్రం జానెడు లేచినా, ఇంకేది తేడాగా కనిపించినా, ఈ గుడ్డ పైకెత్తు. ఇద్దరూ క్లచ్ తొక్కి ఆగిపోవాలి."

గుడ్డను బల్ల మీద పెట్టేశాను. "నాతో కాదు సార్, అంతమందిలో."

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. గుడ్డ ఎత్తడమే."

మాట్లాడక్కర్లేదు అన్నారు కదా, ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున మా ఆయన పెళ్ళి ప్యాంటు తీశారు. "బండి నడపడానికి ఇదెందుకండీ?" అంటే, "మీ తమ్ముడి ముందు పాత బట్టల్లో ఎక్కనా?" అన్నారు. అంతటితో ఆగలేదు. నేలను గట్టిగా పట్టాలని వెనక చక్రాలకు లోతైన గాడులున్న పెద్ద టైర్లు ఎక్కించారు. కుడి వైపు మడ్‌గార్డు ఆ టైరుకు రాసుకుంటోందని దాన్ని ఊడదీసి పక్కన పెట్టేశారు. ఇది నాకు తెలియదు, సారుకూ తెలియదు. సారు తాడు కట్టిన చోటు చూశారు, ఇసుక మూటలు చూశారు, గేరు చూశారు. బండి చుట్టూ మాత్రం తిరగలేదు, ఎడమ వైపు నుంచే చూశారు.

మైదానంలో సున్నంతో మధ్యన ఒక గీత, అటూ ఇటూ ఆరడుగుల దూరంలో చెరో గీత. రెండు బండ్లు వీపులు తిప్పుకొని నిలబడ్డాయి, అచ్చం వాటి డ్రైవర్ల లాగానే. తాడు మధ్యలో ముడి. ఆ ముడిని ఎవరు తమ గీత దాటిస్తే వాళ్ళు గెలిచినట్టు. తాడు మీద తడి గోనెసంచి. నేను మా ఆయన బండికి కుడి వైపున, దూరంగా, ఎర్ర గుడ్డతో. జనమంతా నన్నే చూస్తున్నట్టు అనిపించి ఆ గుడ్డను మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కళ్ళు మాత్రం బయట.

సారు చెయ్యి దించారు. రెండు బండ్లూ కదిలాయి. తాడు బిగిసింది. ఇంజన్లు గీపెట్టాయి. ముడి కాసేపు ఇటు జానెడు, అటు జానెడు ఊగి మధ్యలో నిలిచిపోయింది. సారు చెప్పినట్టే టైర్లు అక్కడికక్కడే తిరుగుతున్నాయి, మట్టి ఎగజిమ్ముతున్నాయి. ఎంతసేపటికీ అంతే.

"ఇంకో నిమిషం చూస్తా," అన్నారు సారు. "తేలకపోతే సమానం అంటా."

సమానమైతే ఎలా? ఎవరూ ఓడకపోతే ఎవరు ఎవరింటికి పోతారు? దేవుడా, వీళ్ళలో ఎవరినో ఒకరిని ఓడించు తండ్రీ అనుకున్నాను. మా ఆయననైనా సరే, నేనేమీ అనుకోను.

అప్పుడు చూశాను. మా ఆయన కుడికాలు దగ్గర ఆ రెండు జానల ప్యాంటు అంచు గాలికి ఎగిరి టైరుకు తగిలింది. అడ్డం మడ్‌గార్డు లేదు. టైరు గాడులు అంచును పట్టుకొని కిందికి మింగుతున్నాయి. ఆయన చూపు వెనక ముడి మీద ఉంది. బట్ట తర్వాత కాలే.

ఎర్ర గుడ్డ ఎత్తాలి కదా. ఎత్తలేదు. అది చేతిలో ఉందన్న సంగతే మరిచిపోయాను. గుడ్డ మొహం మీద ఉండగానే ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"లాగు! లాగు!"

భయంలో మనిషికి పుట్టింటి మాటే వస్తుంది. మాకు లాగు అంటే ప్యాంటు. కాప్రాలో ఎవరినైనా అడగండి. తాడునైతే మేం గుంజుతాం.

రేపల్లెలో మాత్రం ప్యాంటును ప్యాంటే అంటారు. తాడును లాగుతారు.

మా ఆయన తల తిప్పి నన్ను చూశారు. ఆ మొహంలో వెలుగు నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. ఎన్నడూ నోరు విప్పని భార్య, ఇంత జనంలో, సొంత తమ్ముడిని కాదని, తనను లాగమంటోంది. ఆక్సిలేటరు అడుగంటా తొక్కారు.

అవతల సామెల్ కాప్రావాడే. అక్క లాగు అని అరిచేసరికి వాడు గబుక్కున కిందికి చూసుకున్నాడు, తన లాగు వైపు. గుండీలు తడుముకుంటూ కంగారులో క్లచ్ తొక్కేశాడు.

పట్టి ఆపేవాడు లేడు. మా ఆయన బండి ముందుకు దూకింది. పర్రుమని శబ్దం వచ్చింది. ముందు తాడు తెగిందనుకున్నాను. తాడు కాదు. పాత కుట్లు కావడం మా అదృష్టం, ప్యాంటు అంచు నుంచి నడుము దాకా చీలి మొత్తంగా ఊడి టైరు చుట్టూ తిరిగింది. సారు "ఆపండి, ఆపండి" అని పరుగెత్తారు. బండి ఆగింది. ముడి గీత దాటింది. మా ఆయన గెలిచిన ఉత్సాహంలో సీటు మీద లేచి నిలబడ్డారు. పైన పెళ్ళినాటి తెల్లచొక్కా, కింద నీలం చారల డ్రాయరు.

పాస్టరు గారి భార్య పక్కకు తిరిగి గుమ్మడికాయలను చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు.

నేను పరుగెత్తాను. పిక్క మీద చర్మం కొద్దిగా గీరుకుపోయింది, అంతే. ఎర్ర గుడ్డ నడుముకు చుట్టాను. ఆ రోజు దానికి దొరికిన పని అదొక్కటే.

"నువ్వే కదా లాగమన్నావు?" అన్నారు ఆయన.

"నేను లాగమనలేదు. లాగు అన్నాను."

"రెండూ ఒకటి కాదా?"

"లాగు అంటే ఇదండీ," అని ఆయన మోకాళ్ళ వైపు చూపించాను. అక్కడ లేదు. టైరు వైపు చూపించాను.

సామెల్ వచ్చాడు. "అక్కా, నేనేమో నాది ఊడింది అనుకున్న. నువ్వు ఎన్నడు నోరు తెరువవాయె. తెరిచి లాగు అన్నవంటే ఎంత పరేషానైన్నో ఎరుకేనా?"

విక్టర్ సారు మడ్‌గార్డు లేని చోటు చూసి మా ఆయన వైపు తిరిగి మొహం ఎర్రగా చేసుకున్నారు. "ఆనందరావూ, ఇది తీసేసి బండి ఎక్కావా? ఇవాళ నీ కాలు దక్కింది, దేవుడి దయ. మళ్ళీ అది బిగించేదాకా ఈ బండి ఇక్కణ్ణుంచి కదలదు. ఈ పందెం చెల్లదు. రూలు తప్పినవాడు గెలిచినట్టు కాదు. భయపడి క్లచ్ తొక్కినవాడు ఓడినట్టూ కాదు."

ఇంకేముంది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. రెండిళ్ళల్లో రెండు కోళ్ళు ఉడికి ఉన్నాయి, తినేవాళ్ళు లేరు. నేను నోరు మూసుకొని గుడ్డ ఎత్తి ఉంటే మళ్ళీ కట్టి లాగించేవారు కదా అని ఏడుపొచ్చింది. సునంద అవతల చంకలో పిల్లతో నిలబడి ఉంది. ఆమె కళ్ళల్లో కూడా నీళ్ళే. అయితే ఆమెవి నవ్వి నవ్వి వచ్చినవి.

సామెల్ ఇల్లు చర్చి గోడ వెనకే. మా ఇంటికి పోవాలంటే బస్‌స్టాపు దాకా నడిచి బస్సెక్కాలి. మా ఆయన బస్‌స్టాపు వైపు చూస్తూ ఎర్ర గుడ్డ బిగించుకున్నారు. సామెల్ గోడ వైపు చూస్తూ నాతో అన్నాడు:

"అక్కా, బావను ఇంటికి రమ్మను. నా లాగు ఒకటి ఇస్త."

"రానని చెప్పు," అన్నారు ఆయన.

"సరే. గట్లనే మౌలాలి బస్సు ఎక్కుమను. ఆడోళ్ళ సీట్ల పక్కన నిలబడుమను."

అవతల బస్సు వచ్చి ఆగింది, కిటకిటలాడుతూ. అది వెళ్ళిపోయింది. అప్పుడు మా ఆయన నా వైపు కాదు, నేరుగా సామెల్ వైపు చూసి అడిగారు:

"మీ పెరట్లో నుంచి దారి ఉందా?"

ఉంది. ఏడాది దాటాక ఆయన ఆ ఇంట్లో అడుగుపెట్టింది పెరటి గుమ్మంలో నుంచి, నడుము చుట్టూ ఎర్ర గుడ్డతో. తమ్ముడు పొట్టి, లావు. ఈయన పొడుగు, సన్నం. ఆ లాగు ఈయనకు పిక్కల దగ్గర ఆగిపోయింది, నడుము దగ్గర ఇద్దరు పట్టేంత ఉంది.

"సాలుతదా బావా?"

"మోకాలు దాటింది. చాల్లే."

సునంద అన్నం వడ్డించింది. షరతు ప్రకారమైతే తినక్కర్లేదు. తిన్నారు. ఒక చేత్తో నడుము పట్టుకొని రెండోసారి కూడా వడ్డించుకున్నారు. పిల్ల పాకుతూ వచ్చి ఆ లాగు అంచు పట్టుకొని లేచి నిలబడింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం మా గుమ్మంలో సామెల్. వెనక సునంద, చంకలో పిల్ల, చేతిలో టిఫిను డబ్బా. వాడు బయటే నిలబడి, "నా లాగు తీస్కపోదామని వచ్చిన" అన్నాడు. మా ఆయన కుర్చీలోంచి లేచి, "ఇంకా ఉతకలేదురా. వచ్చే ఆదివారం రా. వచ్చావు కదా, కూర్చో" అన్నారు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. వారం రోజులు ఉతక్కుండా పెట్టే ఆడదాన్నా నేను? "అయ్యో, ఎప్పుడో ఉతికానండీ, ఇస్త్రీ కూడా చేశాను" అని మడతపెట్టిన లాగు తెచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. సామెల్ నన్ను చూశాడు. మా ఆయన నన్ను చూశారు. ఎవరూ చెయ్యి చాచలేదు. సునంద వెనక నుంచి నా నడుము మీద గట్టిగా గిల్లింది.

అప్పుడు గానీ వెలగలేదు. లోపలికి పోయి, ఆ ఇస్త్రీ లాగును తీసుకెళ్ళి నీళ్ళ బకెట్టులో ముంచాను.

ఎంత ఎండ కాసినా, సామెల్ ప్రతి ఆదివారం వచ్చి అడిగినా, అది ఆరడానికి రెండేళ్ళు పట్టింది.